ఫోర్‌మన్‌కు టోకెన్ లేదు

అమెరికా పోలీసుల గురించి మా రూమ్‌లో వరసగా ఐదారు శుక్రవారాలు వాదన జరిగింది. వాదించినవాళ్లలో ఒక్కరూ అమెరికా చూడలేదు. హైదరాబాదును కూడా విమానాశ్రయం మేరకే చూసినవాళ్లు ఉన్నారు. అయినా ఆ రూమ్‌లో విన్న మాటలు, ఆ విషయం మీద నేను తర్వాత చదివిన లావుపాటి పుస్తకాలలోని మాటలకు ఏమీ తీసిపోవు. రెండూ నాకు తెలుసు కాబట్టే ఈ మాట చెబుతున్నాను.

మా క్యాంపు గల్ఫ్‌లో, ఘాలా అనే చోట ఉంది. ఒక పక్క గ్యారేజీలు, ఇంకో పక్క గోడౌన్లు, మధ్యలో కంపెనీ యార్డు. యార్డు గోడకు ఈవల స్టోరు, ఆవల మేం పడుకునే రూములు. నేను స్టోర్‌కీపర్‌ని. ఊళ్లో ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పి వచ్చినవాణ్ని కాబట్టి రూమ్‌లో నన్ను సారు అంటారు. ఆరు మంచాలలో ఇద్దరు రాత్రి డ్యూటీ మనుషులు. పగలంతా ముసుగు తన్ని నిద్రపోయేవారు. మిగిలింది నలుగురం. సిరిసిల్ల వైపు ప్లంబర్, యాభై దాటినవాడు, అందరికీ కాకా. జగిత్యాల దగ్గరి ఎలక్ట్రీషియన్, మాటకు మాట తగిలించందే ఊరుకోనివాడు. నేను. నాలుగో మనిషి టాంజానియా నుంచి వచ్చి పరంజాలు కట్టేవాడు.

ఆ నాలుగో మనిషిని అందరూ ఆఫ్రికా అని పిలిచేవారు. అతని పేరు నోరు తిరగనిదేమీ కాదు. ఎవరూ పలకబోలేదు, అంతే. అతనూ ఊరుకోలేదు. మమ్మల్నందరినీ కలిపి హైదరాబాద్ అనేవాడు. "ఏ హైదరాబాద్, ఉప్పు ఇటివ్వు" అంటే ముగ్గురం తలెత్తేవాళ్లం. అతను మాట్లాడేది క్యాంపు హిందీ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

వాదన ఎలక్ట్రీషియన్ ఫోన్‌లోంచి మొదలైంది. శుక్రవారం కోడికూర అన్నం తిని కూర్చున్నాక అతనొక వీడియో చూపించాడు. అమెరికాలో ఎక్కడో రోడ్డు మీద ఒక నల్లజాతి మనిషి కారు ఆపారు. వెనక లైటు వెలగడం లేదట. ఐదు నిమిషాలలో అతను రోడ్డు మీద బోర్లా పడి ఉన్నాడు, చేతులు వెనక్కి విరిచి కట్టారు.

"తెల్లోడైతే ఆపుతుండెనా? జెప్పు కాకా, ఆపుతుండెనా?"

"లైటు పోతే ఎవనిదన్న ఆపుతరు" అన్నాడు కాకా. "ఆపినప్పుడు చేతులు కనవడేటట్టు పెట్టాలె. గా దేశంల ఇంటింటికి తుపాకి ఉంటదని నువ్వే జెప్తివి. పోలీసోనికి మాత్రం పానం తీపి కాదా?"

"పానం తీపైతే పోలీసుల ఎందుకు చేరిండు? కిరాణ దుకాణం పెట్టుకోవాలె."

"తప్పు చెయ్యనోడు భయపడొద్దు. గంతే."

"నువ్వు మొన్న చెకింగ్‌ల బతాకా ఇంట్ల మరిచిపోయి ఎట్ల వణికినవ్ కాకా? ఏం తప్పు చేసినవ్?"

బతాకా అంటే ఇక్కడి గుర్తింపు కార్డు. అది జేబులో లేకుండా బజారుకు పోయి, దూరం నుంచి పోలీసు బండి చూసి, కాకా ఒక మంగలి షాపులో దూరి అవసరం లేని గడ్డం గీయించుకొని వచ్చాడు. ఆ సంగతి గుర్తుచేసేసరికి ముసుగు తన్నిన మంచాలలోంచి కూడా నవ్వు వినిపించింది.

ఆఫ్రికా అప్పటిదాకా ఎముక కొరుకుతూ వింటున్నాడు. "పోలీసు చెడ్డవాడే" అన్నాడు. "లేకపోతే ఇంకా చెడ్డ. మా ఊరి బజారులో దొంగ అని ఎవడైనా ఒక్క కేక వేస్తే చాలు. పోలీసు ముందొస్తే వాడు బతుకుతాడు. రాళ్లు ముందొస్తే బతకడు. నేను చూశాను."

"నువ్వు పోలీసు దిక్కు మాట్లాడుతవా?" ఎలక్ట్రీషియన్‌కు కోపమే వచ్చింది. "నీ రంగోని కోసమే కదా భై నేను గింత గొంతు చించుకుంటున్న!"

"నా రంగు మీద నీకింత ప్రేమ ఉందా హైదరాబాద్? నా పళ్లెం కడిగేటప్పుడు కనిపించదే."

అతని పళ్లెం, గ్లాసు వేరుగా ఉండేవి. కిటికీ కింద, మా గిన్నెలకు ఎడంగా. కాకా చేసిన ఏర్పాటు అది. మేమెవరం కాదనలేదు. ఎలక్ట్రీషియన్ వీడియో ఆపి చేతులు కడుక్కోవడానికి లేచాడు.

నేను ఆ వాదనలలో ఎక్కువ మాట్లాడలేదు. పోలీసు మాట వచ్చినప్పుడల్లా ఆరేసిన బట్టలు తెచ్చే పని పెట్టుకొని బయటికి పోయేవాణ్ని. దానికి కారణం ఉంది. మా అన్న కానిస్టేబుల్. అంతకు ఎనిమిది నెలల ముందు గుండెపోటుతో పోయాడు. అన్న పోయాడని రూమ్‌కు తెలుసు. ఏం ఉద్యోగమో నేను చెప్పలేదు.

నేను ఊరు చేరేసరికి ఐదో రోజు. చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టి ఉంది. అన్న ఫోటో, చుట్టూ గులాబీలు, కింద మీరు లేని లోటు తీరనిదని. నేను తీసేయమంటే వదిన తమ్ముడు నొచ్చుకున్నాడు. అయినా తీయించాను. అన్న గురించి నాకు తెలిసింది ఆ గులాబీలలో ఏమీ లేదు. నాన్న పోయాక నన్ను చదివించింది అన్న. స్టేషన్‌లో మనుషులను కొట్టింది కూడా అన్నే. ఆ రెండో సంగతి ఎవరో చెబితే నమ్మేవాణ్ని కాదు. ఆయనే చెప్పాడు.

సెలవు లేక పదకొండో రోజు అయీ కాగానే తిరిగొచ్చాను. మా రూమ్‌లో తాగే నీళ్ల క్యాన్లు వంతుల ప్రకారం గేటు దగ్గరి నుంచి మోసుకురావాలి. ఆ నెలంతా నా వంతు క్యాన్లు ఆఫ్రికా మోశాడు. ఎవరూ చెప్పలేదు. ఎందుకని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. నాకు పరామర్శలు గుర్తు లేవు. ఆ క్యాన్లు గుర్తున్నాయి.

ఒక్క శుక్రవారం మాత్రం నేను వాదనలోకి దిగాను. అక్కడి కోర్టుల మాట వచ్చింది. అమెరికాలో చాలా కేసులు విచారణ దాకా పోవని, తప్పు ఒప్పుకుంటే తక్కువ శిక్ష ఇస్తామని ముందే బేరం పెడతారని, కాదని వాదించి ఓడితే పెద్ద శిక్ష పడుతుందని, ఆ భయంతో చేయనివాళ్లు కూడా కొందరు ఒప్పుకుంటారని చెప్పాను.

"చెయ్యని తప్పు ఎవలన్న ఒప్పుకుంటరా సారూ?" అన్నాడు కాకా. "మనిషన్నోడు ఒప్పుకుంటడా?"

ఆఫ్రికా ఇంకో ప్రశ్న వేశాడు. "ఒప్పుకుంటే జైలా, ఇంటికి పంపుతారా?"

"కేసును బట్టి. కొందరిని ఇంటికే పంపుతారు."

"అయితే అమెరికా మంచిదే. మనకు ఇంటికి పంపడమే శిక్ష."

అందరూ నవ్వారు. అది నిజమని అందరికీ తెలుసు. అతని కూతురు బోర్డింగు స్కూల్లో చదువుతోంది. ఇంకా రెండేళ్లు ఇక్కడ ఉండగలిగితే దాని చదువు పూర్తవుతుందని ఎన్నోసార్లు చెప్పాడు. ఆ రెండేళ్లే అతనికి కావలసింది. వేరే కోరిక ఏదీ అతని నోట నేను వినలేదు.

ఆ తర్వాతి గురువారం సాయంత్రం స్టోరులో పెద్ద డ్రిల్ మెషీన్ కనిపించలేదు.

మా స్టోరు పద్ధతి చెప్పాలి. ప్రతి పనివాడికీ నంబరు కొట్టిన అల్యూమినియం టోకెన్ ఉంటుంది. పొద్దున పనిముట్టు తీసుకునేటప్పుడు దాని మేకుకు టోకెన్ తగిలించాలి. సాయంత్రం పనిముట్టు ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. మేకుకు మెషీన్ ఉండాలి, లేదా టోకెన్ ఉండాలి. ఆ సాయంత్రం క్యాంప్ బాస్ సామాను చూడడానికి వచ్చినప్పుడు ఆ మేకుకు రెండూ లేవు.

"శనివారం పొద్దున బస్సులు కదిలేలోపు మెషీన్ రావాలి" అన్నాడు క్యాంప్ బాస్. "లేదా పేరు రావాలి. పేరు వస్తే క్యాన్సిల్."

క్యాన్సిల్ అంటే వీసా రద్దు, విమానం టికెట్, మళ్లీ ఈ కంపెనీ మొహం చూడకపోవడం.

పుస్తకం తీసి చూశాను. ఆ మెషీన్ చివర తీసుకున్నది ఆఫ్రికా, బుధవారం. అదే సాయంత్రం తిరిగి ఇచ్చినట్టు నా రాత ఉంది. అతని టోకెన్ అతని మెడలోనే, ఎప్పటిలాగే నల్ల తాడుకు ఉంది. రూమ్‌లో ఆ మాటే చెప్పాను. కానీ గట్టిగా చెప్పలేదు.

"సారూ, బుధవారం మీ అన్న మాసికమాయె" అన్నాడు కాకా. "పొద్దంతా ఉపాసం ఉన్నవ్. ఏం రాసినవో నీకే ఎరుక ఉన్నదా? వాడు టోకెన్ తీసుకొని మెడకేసుకొని, మెషీన్ అటే పట్టుకపోతే నువ్వు చూసినవా?"

నిజానికి చూశాను. మెషీన్‌ను మేకుకు తగిలించింది నేనే. అయినా అంత నమ్మకంగా అడిగేసరికి, నిజంగానే తగిలించానా అని నన్ను నేనే అడుక్కోవడం మొదలుపెట్టాను. మనిషి తన కళ్లను తానే అనుమానించేలా చేయడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది.

మా రూమ్‌లో ఏదైనా పోతే పెట్టెలు తెరవడం ఆనవాయితీ. శుక్రవారం అన్నాలయ్యాక అందరి పెట్టెలూ నడుమకు లాగి, తలుపు దగ్గరి మంచం నుంచి మొదలుపెట్టి వరసగా తెరవాలి. నేను వచ్చిన ఆరేళ్లలో నాలుగుసార్లు తెరిచాం. ఎప్పుడూ తలుపు నుంచే. ఆ శుక్రవారం కాకా బాత్రూమ్ పక్కనున్న ఆఫ్రికా మంచం వైపు చెయ్యి చూపించాడు.

"ముందు గా పెట్టె."

మా అన్న ఒకసారి సెలవులో ఇంటికొచ్చినప్పుడు, ఊళ్లో మోటర్లు పోతే ఎలా వెతుకుతారని అడిగాను. "ముందు ఆ వాడకు పోతం" అన్నాడు. ఏ వాడో నేను అడగలేదు. ఊళ్లో పెరిగినవాడికి చెప్పనక్కర్లేదు. "అక్కడ దొరికితే దొరికినట్టు. దొరకకపోతే అక్కడోళ్లను నలుగురిని తెచ్చి అడుగుతం. ఎక్కడో ఒక కాడ మొదలువెట్టాలె గదా తమ్మీ." అన్న గొంతులో ద్వేషం లేదు. పని పద్ధతి చెప్పినట్టు చెప్పాడు. కాకా గొంతు కూడా అలాగే ఉంది.

ఆఫ్రికా పెట్టె తెరిచాడు. చొక్కాలు, సబ్బులు, అట్టపెట్టెలోనే ఉన్న కొత్త గోడ గడియారం, యూనిఫాంలో కూతురి ఫోటో. కాకా అన్నీ బయటికి తీసి మంచం మీద పెట్టాడు.

"గంత పెద్ద మెషీన్ గీ పెట్టెల వడుతదా కాకా?" అన్నాడు ఎలక్ట్రీషియన్. అతని గొంతు తగ్గింది.

"అమ్ముకొచ్చిండేమో. మత్రా బజార్ల కొనేటోళ్లు లేరా?"

తర్వాత కాకా అతని పక్కన మంచం మీద కూర్చొని భుజం మీద చెయ్యి వేశాడు. కాకా చెడ్డవాడు కాదు. ఆ క్షణంలో కూడా అతను సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. "చూడు భై, తప్పయిందని ఒప్పుకో" అని హిందీలో మొదలుపెట్టాడు. "క్యాంప్ బాస్ కాళ్లు నేను పట్టుకుంట. జీతంల కోసుకుంటరు, గంతే. క్యాన్సిల్ గానియ్య. ఒప్పుకోకపోతే మాత్రం రేపు పొద్దుగాల నీ పేరే పోతది. అప్పుడు నా చేతుల లేదు."

ఆఫ్రికా మెడలోని టోకెన్‌ను వేళ్ల మధ్య తిప్పసాగాడు. తర్వాత నా వైపు చూశాడు.

"ఒప్పుకుంటే డ్యూటీ ఉంటుందా, సార్?"

అతను నన్ను సార్ అనడం అదే మొదలు.

మా అన్న చెప్పిన ఇంకో మాట ఉంది. అది నేను మరిచిపోవాలని ప్రయత్నించిన మాట. "ఒప్పుకున్నడంటే చేసిండని కాదు తమ్మీ, అలిసిండని." ఎవరి గురించి అన్నాడో చెప్పలేదు. అన్నాక లేచి పోయి నల్లా దగ్గర ముఖం కడుక్కున్నాడు.

"వద్దు" అన్నాను. "ఒప్పుకోవద్దు."

"మరి ఎవలు తీసిన్రు సారూ? నువ్వే జెప్పు" అన్నాడు కాకా.

ముందు రోజు సాయంత్రం నుంచి నేను ఆ పనే చేస్తున్నాను. కళ్లు మూసుకొని టోకెన్ నంబర్లు ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటున్నాను. గురువారం పొద్దున ఏ నంబరు ఏం తీసుకుంది, ఏది తిరిగొచ్చింది. అన్నీ సరిపోయాయి. అతని వేళ్ల మధ్య తిరుగుతున్న టోకెన్‌ను చూస్తుంటే, నేను టోకెన్లు ఉన్నవాళ్లనే వెతుకుతున్నానని తట్టింది. స్టోరుకు వచ్చేవాళ్లలో టోకెన్ లేనివాళ్లు నలుగురున్నారు. ఫోర్‌మన్లు.

అప్పుడు గురువారం పొద్దుట మొత్తం గుర్తొచ్చింది. గోదావరి జిల్లా ఫోర్‌మన్ పికప్ ఇంజను ఆపకుండానే స్టోరు ముందు నిలబెట్టాడు. "సార్, ఆ పెద్ద డ్రిల్లు ఇలా అందించండి, సలాలాలో పనుంది" అన్నాడు. సలాలా అంటే పగలంతా బండి నడిపితే గాని చేరని ఊరు. మేకు నుంచి తీసి నా చేతులతోనే అందించాను. పుస్తకంలో రాయలేదు. ఎప్పుడూ రాయను. నా దృష్టిలో ఫోర్‌మన్ సామాను తీసుకోవడం, సామాను బయటికి పోవడం కింద లెక్కే కాదు. అందుకే రాత్రంతా ఎంత వెతికినా ఆ మొహం నా తలలోకి రాలేదు. ఉపవాసం వల్ల కాదు. అన్నం తిని ఉన్నా అంతే జరిగేది.

ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"ఆ, నా దగ్గరే ఉందండీ" అన్నాడు ఫోర్‌మన్. వెనక నుంచి వాన చప్పుడు. "ఇప్పుడేం కొంపలు మునిగాయండీ? నాలుగు రోజుల్లో వచ్చేస్తాగా. కొబ్బరిబోండాలు తెమ్మంటారా?"

ఫోన్ పెట్టేశాను.

"ఖల్లివల్లి" అన్నాడు కాకా, పోనీ వదిలెయ్ అన్నట్టు చెయ్యి ఊపి. "దొరికింది గదా. మాటల మాట. మనసుల వెట్టుకోకు భై."

ఆఫ్రికా చొక్కాలు మడతపెట్టడం మొదలుపెట్టాడు. ఒక్కోటి విప్పి, దులిపి, మళ్లీ మడిచాడు. ఎలక్ట్రీషియన్ ఒక చొక్కా అందుకోబోతే వద్దన్నాడు.

"పోలీసులైతే రాసుకునేవాళ్లు" అన్నాడు చివరికి, నాతో. "ఎవరు ఏమన్నారో కాగితం మీద ఉండేది. కాగితమైతే చదివి, ఇది అబద్ధం అనొచ్చు. మీ రూమ్‌లో కాగితం లేదు, హైదరాబాద్."

మళ్లీ హైదరాబాద్ అన్నందుకు నాకు ప్రాణం కుదుటపడింది. అయితే అతని మాటకు ఒక జవాబు నా దగ్గర ఉంది, అది చెప్పకుండా ఉండదలచుకోలేదు.

"పోలీసులు రాసేది కూడా ఎప్పుడూ నిజం కాదు" అన్నాను. "మా అన్న పోలీసే. ఆయన రాశాడు, రాయించాడు. ముందు మనిషిని తేల్చుకొని తర్వాత కాగితం రాసేవాళ్లమని ఆయనే నాతో అన్నాడు."

కాకా నోరు తెరిచి చూశాడు. "గందుకేనా సారూ, గా ముచ్చట వచ్చినప్పుడల్లా బట్టలు తెస్తనని పోతుంటివి? ఎండనే ఎండలె గదా అనుకుంటుంటి."

ఎలక్ట్రీషియన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆఫ్రికా కూడా తల వంచుకొని నవ్వాడు. నేనూ నవ్వాను. అన్న గురించి మాట్లాడి నవ్వడం ఎనిమిది నెలలలో అదే మొదటిసారి.

ఆ సాయంత్రమే క్యాంప్ బాస్‌కు కాగితం రాశాను. మెషీన్ ఫోర్‌మన్‌కు ఇచ్చింది నేను, రాయనిది నేను. ఆధారం లేకుండా ఒక మనిషి పెట్టె తెరిపించారు, ఆపవలసిన నేను ఆపలేదు.

"మా పేర్లు రాస్తున్నవా సారూ?" అన్నాడు కాకా వెనక నుంచి తొంగిచూస్తూ.

"నా పేరొక్కటే."

"మరి గంత పొడుగెందుకు?"

నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది. ఆఫ్రికా పేరు ఎక్కడికీ పోలేదు. శనివారం పొద్దున మామూలుగా బస్సెక్కాడు. లెటర్ తీసుకుంటూ, నలుగురు ఫోర్‌మన్లకూ టోకెన్లు కొట్టించమని అడిగాను. క్యాంప్ బాస్ నవ్వాడు. ఫోర్‌మన్‌కు టోకెనా అన్నాడు. అయితే నెలాఖరున సామాను జాబితా మీద నేను సంతకం పెట్టనని చెప్పాను. రెండో లెటర్ ఇస్తాడనుకున్నాను. రెండు రోజులు చూసి టోకెన్లు ఇచ్చాడు.

కాకా క్షమాపణ చెప్పలేదు. పళ్లెం కిటికీ కిందే ఉంది. ఒక శుక్రవారం ఆఫ్రికా తానే దాన్ని తెచ్చి మా గిన్నెల మీద బోర్లించాడు, ఎవరూ దాన్ని తీసి మళ్లీ కిటికీ కింద పెట్టలేదు. ఇంకెప్పుడూ రూమ్‌లో పెట్టెలు తెరవలేదు. అమెరికా వాదన మాత్రం ఆగలేదు. కాకా ఇప్పటికీ పోలీసు దిక్కే. కాకపోతే తప్పు చెయ్యనోడు భయపడొద్దు అనే మాట వాడడం మానేశాడు.

ఫోర్‌మన్ చెప్పినట్టే సలాలా నుంచి వచ్చాడు, మెషీన్‌తో, కొబ్బరిబోండాలతో. మర్నాడు పొద్దున అదే డ్రిల్లు కావాలన్నాడు. నేను కొత్త టోకెన్ అతని చేతిలో పెట్టి మేకు చూపించాను.

"ఏంటండీ ఇది? నేను దొంగలా కనిపిస్తున్నానా మీకు?"

"లేదండీ. ఎవరూ దొంగలా కనిపించకుండా ఉండడానికే."

"పదిహేనేళ్ల సర్వీసండీ నాది!"

"రాసుకుంటాను. నంబరు చెప్పండి."

అతను టోకెన్ తిప్పి తిప్పి చూశాడు. వెనక ఇరవై మంది వరసలో ఉన్నారు. యార్డు బయట బస్సు హారన్ కొట్టింది. వరసలో అతని వెనకే నిలబడి ఉన్న ఆఫ్రికా, తన టోకెన్ అప్పటికే మెడలోంచి తీసి పట్టుకొని ఉన్నాడు.

"ఏ హైదరాబాద్" అన్నాడు, "జల్దీ తగిలించు. బస్సు పోతుంది."

"హైదరాబాద్ కాదయ్యా, రాజమండ్రి!" అని అరిచి, ఫోర్‌మన్ టోకెన్‌ను మేకుకు తగిలించాడు.